మేడ కిటికీల అద్దాలు కింద నిలబడే కడుక్కోవడానికి బ్యాటరీ పంపు బండి ఎలా చేసుకోవాలి

గుంటూరులో మా ఇంటి మేడకు వీధి వైపు నాలుగు పెద్ద స్లైడింగ్ కిటికీలున్నాయి. గ్రిల్లు లోపలి వైపు ఉంది. అందులోంచి చెయ్యి బయటికి పెడితే అద్దంలో సగం కూడా అందదు. రెండేళ్ల కిందట సంక్రాంతి ముందు నిచ్చెన వేయించి ఒకతన్ని ఎక్కించాం. తడి బండ మీద నిచ్చెన కాలు జారింది. అతను సన్ షేడ్ అంచు పట్టుకుని వేలాడాడు. కింద నేను, పక్కింటి బాబాయి నిచ్చెన మళ్లీ నిలబెట్టేదాకా అమ్మ నోట మాట రాలేదు. అతనికి మోచెయ్యి గీరుకుపోవడం తప్ప ఏమీ కాలేదు, మా అదృష్టం. ఆ రోజు నుంచి అద్దాల కోసం మా ఇంట్లో నిచ్చెన తియ్యలేదు.

బ్రిటన్‌లో అద్దాలు కడిగేవాళ్లు చాలామంది ఇప్పుడు నిచ్చెన ఎక్కరు. ఎత్తులో చేసే పనులకు అక్కడ 2005లో కొత్త నిబంధనలు వచ్చాక పొడవాటి గెడ, దాని కొసన బ్రష్, బ్రష్‌లోంచి సన్నగా నీళ్లు, కింద చక్రాల బండి మీద పంపు, ఈ పద్ధతి బాగా పాకింది. అలాంటి బండి కొనాలంటే చాలా ఖరీదు. కానీ అందులో ఉండే పంపు, బ్యాటరీ, స్విచ్చు మన పురుగుమందుల స్ప్రేయర్లో ఉండే సరుకే. పెద్ద ఊళ్లలోనే కాదు, మండల కేంద్రంలో ఉన్న స్ప్రేయర్ రిపేరు షాపులో కూడా దొరుకుతాయి. గెడ కాకుండా నాకు అన్నీ కలిపి ఆరు వేల లోపే అయింది.

ముందు నీళ్ల సంగతి తేల్చుకోండి

పంపు కంటే నీళ్లే ముఖ్యం. నేను మొదట ఆ ముక్క పట్టించుకోలేదు. బండి తయారైన రోజు సాయంత్రం బోరు నీళ్లతో నాలుగు కిటికీలూ కడిగాను, మెరిసిపోయాయి. పొద్దున్న ఎండ పడగానే చూస్తే అద్దం నిండా తెల్లటి చుక్కలు, సున్నం చల్లినట్టు. నీటి బొట్టు ఆరిపోతే అందులో కరిగి ఉన్న లవణం అద్దం మీదే మిగిలిపోతుంది. గుడ్డతో తుడిచేటప్పుడు ఆ బొట్టును గుడ్డ లాగేసుకుంటుంది. ఈ పద్ధతిలో తుడవడమనేదే లేదు, నీళ్లు వాటంతటవే ఆరిపోవాలి. కాబట్టి ఆరాక ఏమీ మిగలని నీళ్లు కావాలి.

టీడీఎస్ మీటరు ఒకటి కొనండి. లీటరు నీళ్లలో ఎన్ని మిల్లీగ్రాముల లవణం కరిగి ఉందో సుమారుగా చూపిస్తుంది. పెన్ను అంత ఉంటుంది, మూడు వందల లోపే వస్తుంది. తాగే నీటికి 500 వరకు మంచిదని, వేరే దారి లేకపోతే 2000 వరకు సరిపెట్టుకోవచ్చని భారత ప్రమాణం చెబుతుంది. అద్దానికి ఆ లెక్క చెల్లదు. 10 లోపు ఉంటే చుక్క కనపడదు. 30 దాకా ఉన్నా నీడ పట్టున ఆరితే ఫరవాలేదు. 100 దాటిందంటే మరకలు ఖాయం.

అంత తేలిక నీళ్లు ఎక్కడివి? మొదటి మార్గం మీ ఏసీ. ఏసీ గొట్టంలోంచి కారేది గాలిలోని తేమ, అంటే ఆవిరి చల్లబడి అయిన నీళ్లు. కోస్తాలో ఉక్కపోత రోజుల్లో మా ఇంట్లో రాత్రి తెల్లారేసరికి సగం బకెట్ పైనే పడతాయి. మీటరు పెడితే 22 చూపించింది. హైదరాబాదు ఎండాకాలంలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి అక్కడ ఇంత రావు. వాటిని పాత పంచె గుడ్డలో వడగట్టి, రోజుల తరబడి నిలవ ఉంచకుండా వాడేయండి. రెండో మార్గం వాన నీళ్లు. తొలి పది నిమిషాల వాన డాబా కడుక్కుపోయాక పట్టినవి చాలా బాగుంటాయి.

ఈ రెండూ కుదరకపోతే ఇంట్లో ఆర్వో నీళ్లు పట్టి, వాటిని మిక్స్‌డ్ బెడ్ రెజిన్ గుండా, అంటే నీళ్లలోని లవణాన్ని పట్టుకునే గింజల గుండా పంపాలి. వాటర్ ప్లాంట్ల సామాను అమ్మే చోట ఇది లీటర్ల లెక్కన దొరుకుతుంది. ఆవాల కంటే సన్నటి గోధుమరంగు గింజలు. ఆర్వో మెషిన్‌కి బయట తగిలించే పది అంగుళాల ఫిల్టర్ గిన్నె ఉంటుంది చూడండి, అందులో ఖాళీ కార్ట్రిడ్జ్ పెట్టి ఈ గింజలు నింపుకోవాలి.

బోరు నీళ్లనే నేరుగా రెజిన్లోకి పంపితే ఏమవుతుందో లెక్క వేసుకోండి. లీటరు రెజిన్ సుమారు 20 గ్రాముల లవణం పట్టుకుంటుంది. టీడీఎస్ 1000 ఉన్న బోరు నీళ్లు 20 లీటర్లలో ఉండే లవణం అక్షరాలా 20 గ్రాములు. ఒక్క క్యాన్‌తో రెజిన్ అయిపోయింది. అదే 40 టీడీఎస్ ఉన్న ఆర్వో నీళ్లయితే క్యాన్‌కి 0.8 గ్రాములే, అంటే 25 క్యాన్లు వస్తాయి. అందుకే ముందు ఆర్వో, తర్వాత రెజిన్. ఆర్వో బయటికి వదిలే నీళ్లు బకెట్లో పట్టి గచ్చు కడగండి. రెజిన్ అయిపోతే మీటరు అంకె పెరుగుతుంది. కొన్నిసార్లు నీళ్లకు చేపల వాసన కూడా వస్తుంది. అప్పుడు మార్చేయాలి.

సామాను

స్ప్రేయర్ షాపుకెళ్లి పంపు అడిగితే షాపాయన "మిరపకా, పత్తికా?" అన్నాడు. "అద్దాలకన్నా" అంటే ఒక్క క్షణం చూసి, సంగతంతా విని, "అయితే డబుల్ మోటరు నీకెందుకు, సింగిల్ చాలు" అని తనే తీసిచ్చాడు. ఆయన మాట నిజం. 12 వోల్టుల, 100 పీఎస్ఐ (పీఎస్ఐ అంటే ఒత్తిడి కొలత) డయాఫ్రమ్ పంపు, ఒత్తిడి పెరిగితే పంపును ఆపే ప్రెషర్ స్విచ్చు దాని తలమీదే ఉన్నది తీసుకోండి. నీళ్లు పది మీటర్లు పైకెక్కడానికి సుమారు 14 పీఎస్ఐ చాలు. మేడ కిటికీకి ఆరు మీటర్లనుకుంటే తొమ్మిది కూడా కాదు. మిగిలిన బలంలో కొంత పైపులో రాపిడికి పోయినా ఇంకా మిగులుతుంది.

చేలో వాడిన పాత స్ప్రేయర్ ఉంది కదా, దాన్నే మారుద్దామని చాలామందికి అనిపిస్తుంది. వద్దు. కలుపు మందు కొట్టిన ట్యాంకును ఎంత కడిగినా పత్తి మీద మళ్లీ వాడడానికి రైతు జంకుతాడు. ఆ మడ్డి పంపు లోపల, పైపు లోపల ఉండిపోతుంది. మీ కిటికీ కింద తులసి కోట ఉంటుంది, పిల్లలు ఆడుకుంటారు, పైనుంచి కారే నీళ్లు మీ మొహం మీదే పడతాయి. పంపు, పైపు, క్యాన్ మూడూ కొత్తవే ఉండాలి. పాత స్ప్రేయర్ నుంచి బ్యాటరీ, ఛార్జర్ మాత్రం బాగుంటే తీసుకోవచ్చు.

బ్యాటరీ 12 వోల్టుల 12 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు) లెడ్ యాసిడ్‌ది సరిపోతుంది. నెమ్మదిగా తిరిగేటప్పుడు పంపు రెండు ఆంపియర్ల దాకా లాగుతుంది. సగం ఛార్జ్ మాత్రమే వాడుకున్నా మూడు గంటలు వస్తుంది. అంత సేపు కడిగే కిటికీలు మనింట్లో ఉండవు. లిథియం ప్యాక్ పెట్టుకుంటే బరువు తగ్గుతుంది, కానీ దాని ఛార్జర్ దానికే. మూడు సెల్లుల లిథియం అయాన్ ప్యాక్ 12.6 వోల్టుల దగ్గర నిండిపోతుంది. లెడ్ యాసిడ్ ఛార్జర్ 14 దాటిస్తుంది. పిన్ను పట్టింది కదా అని అటుదిటు మార్చితే అగ్గిని ఇంట్లో పెట్టుకున్నట్టే.

ఇవి కాక 10 ఆంపియర్ల డీసీ మోటర్ స్పీడ్ కంట్రోలర్, కార్లకు వాడే ఫ్యూజు దాని గూటితో సహా, ఆన్ ఆఫ్ స్విచ్చు, 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ ఎరుపు ఒకటి నలుపు ఒకటి, స్క్రూ బిగించే పైపు క్లిప్పులు ఎనిమిదో పదో, 20 లీటర్ల వెడల్పు మూత క్యాన్. ట్రాలీ విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. గ్యాస్ సిలిండర్ కింద పెట్టే బుల్లి చక్రాలది వీధి గతుకుల్లో ఒక్క అడుగు కదలదు. బస్తాలు తోసే ఎల్ ఆకారపు రెండు చక్రాల బండి, చక్రం కనీసం ఆరంగుళాలది తీసుకోండి. నీళ్లు 20 కిలోలు, బ్యాటరీ నాలుగు, మిగతా సామాను ఒకటి రెండు, మొత్తం పాతిక కిలోల పైన లాగాలి.

బండి కట్టడం

క్యాన్‌ను ట్రాలీ పళ్లెం మీద అడుగున పెట్టి బెల్టుతో బిగించండి. బరువు కింద ఉంటే బండి తిరగబడదు. హ్యాండిల్ కమ్మీల మధ్య, క్యాన్ కంటే ఎత్తులో, ఒకటిన్నర అడుగుల ప్లైవుడ్ ముక్కను యూ క్లాంపులతో పట్టించాలి. బ్యాటరీ, పంపు, స్విచ్చు పెట్టె దీనిమీదికి వస్తాయి. పంపును బ్యాటరీ కంటే పక్కకు, కిందికి పెట్టండి. పంపు లీకైందంటే నీళ్లు తీగల మీద పడకూడదు. ఈ పంపు నీళ్లను తనంతట తనే పైకి లాక్కుంటుంది కాబట్టి క్యాన్ కంటే ఎత్తులో ఉన్నా ఇబ్బంది లేదు. పంపు కాళ్ల కింద రబ్బరు ముక్కలు వెయ్యడం మాత్రం మర్చిపోవద్దు. సైకిల్ ట్యూబు కత్తిరించి వేసినా చాలు. అవి లేకపోతే ప్లైవుడ్ డప్పులా మోగుతుంది.

క్యాన్ నుంచి పంపుకు వచ్చే పైపు మందంగా, గట్టిగా ఉండాలి. మెత్తటిదైతే పంపు పీల్చే ఊపుకి పైపే చప్పిడి దవడలా లోపలికి అతుక్కుంటుంది. 10 మిల్లీమీటర్ల అల్లిక పైపు వాడండి. దాని కొసకి జల్లెడ ఫిల్టర్ తగిలించి క్యాన్ అడుగుకు అంగుళం ఎత్తులో ఉండేలా వదలండి. పంపు నుంచి బయటికి 8 మిల్లీమీటర్ల పైపు 20 మీటర్లు. ఇంకా లావు పైపు ఎందుకు వద్దంటే, 8 మిల్లీమీటర్ల పైపులో మీటరుకు 50 గ్రాముల నీళ్లుంటాయి, 12 మిల్లీమీటర్లదైతే 113 గ్రాములు. గెడ పొడవునా ఆరు మీటర్లు పైకెక్కే పైపు అది. ఆ తేడా మీ భుజానికే తెలుస్తుంది. పైపు గెడ మీదికి వచ్చేసరికి నేను ఇంకా తగ్గించి 6 మిల్లీమీటర్ల పైపు వేశాను.

తీగలు

బ్యాటరీ ప్లస్ నుంచి బెత్తెడు దూరంలోనే ఫ్యూజు రావాలి. 7.5 ఆంపియర్లది వెయ్యండి. ఫ్యూజును ఎక్కడో దూరంగా పెడితే అక్కడిదాకా ఉన్న తీగకు కాపలా ఉండదు. ఫ్యూజు నుంచి స్విచ్చుకు, స్విచ్చు నుంచి కంట్రోలర్ ఇన్‌పుట్ ప్లస్‌కు. బ్యాటరీ మైనస్ నేరుగా కంట్రోలర్ ఇన్‌పుట్ మైనస్‌కు. కంట్రోలర్ అవుట్‌పుట్ రెండు తీగలూ పంపుకు. ప్లస్ మైనస్ తారుమారైతే పంపు ఊరుకుంటుందేమో గానీ కంట్రోలర్ కాలిపోతుంది. కాబట్టి ఫ్యూజును చిట్టచివర గూట్లో పెట్టండి. అప్పటిదాకా మీరు ఏ తీగ ముట్టుకున్నా ప్రమాదం లేదు.

స్విచ్చు, కంట్రోలర్‌లను మూత ఉన్న ప్లాస్టిక్ జంక్షన్ బాక్సులో బిగించండి. తీగలకు బొక్కలు పెట్టె అడుగు వైపే పెట్టాలి. ప్రతి తీగా పెట్టెలోకి వెళ్లే ముందు కాస్త కిందికి వేలాడి, ఒంపు తిరిగి పైకెక్కేలా వదలండి. తీగ వెంట జారిన నీటి బొట్టు ఆ ఒంపు దగ్గరే కింద పడిపోతుంది.

కంట్రోలర్ ఎందుకని కొందరు తీసేస్తారు. బ్రష్‌కు నిమిషానికి లీటరు నీళ్లు చాలు. పంపు మాత్రం మూడు నాలుగు లీటర్లు తోస్తుంది. సన్నటి రంధ్రాల్లోంచి అన్ని నీళ్లు పోలేక పైపులో ఒత్తిడి పెరుగుతుంది. ప్రెషర్ స్విచ్చు పంపును ఆపేస్తుంది, అరక్షణంలో ఒత్తిడి తగ్గి మళ్లీ మొదలవుతుంది. టక్ టక్ టక్ అని ఆగకుండా కొట్టుకుంటూనే ఉంటుంది. ఇలా నడిస్తే స్విచ్చు పాయింట్లు కొద్ది రోజులకే మాడిపోతాయి. కంట్రోలర్ నాబ్‌ను బాగా తగ్గించి, అక్కడి నుంచి మెల్లగా పెంచుతూ పోండి. ఆ టక్ టక్ మొదలైన చోటి నుంచి కొంచెం వెనక్కి తిప్పితే పంపు ఒకే తీరుగా జుమ్మంటూ తిరుగుతుంది. ఆ చోట పెయింటుతో ఒక చుక్క పెట్టుకోండి.

గెడ, బ్రష్

గెడకు ఫైబర్ గ్లాసుదే కావాలి. పెయింటర్లు వాడే అల్యూమినియం రాడ్డు చౌకగా దొరుకుతుంది, తేలిగ్గా ఉంటుంది. అయినా వాడొద్దు. మన వీధుల్లో కరెంటు తీగలు బాల్కనీలకు చెయ్యి చాపితే అందేంత దగ్గరగా పోతాయి. అల్యూమినియంలోంచి కరెంటు పారుతుంది, కార్బన్ ఫైబర్లోంచీ పారుతుంది. ఫైబర్ గ్లాసు అయినా తడిసి, మీద దుమ్ము పట్టి ఉంటే నమ్మడానికి లేదు. పని మొదలుపెట్టే ముందు పైకి చూసి ఒక్క పరీక్ష చేసుకోండి: గెడను పూర్తిగా చాపి, అది చేజారి ఏ పక్కకు పడినా తీగ దాకా చేరుతుందా? చేరేటట్టుంటే ఆ చోట నిలబడొద్దు, ఆ కిటికీ అలాగే ఉండనివ్వండి. 11 కేవీ (11 వేల వోల్టుల) తీగైతే తగలనక్కర్లేదు, దగ్గరికి వెళ్లినా లాగేస్తుంది. ఇంటికి వచ్చే సర్వీసు వైరు కూడా తీగే. దానిమీద తొడుగు ఎండకు పగిలిపోయి ఉండొచ్చు.

బ్రష్ కార్లు కడిగే మెత్తటి వెంట్రుకలది, అడుగు వెడల్పుది తీసుకోండి. నీళ్ల దారికి డ్రిప్ షాపుకెళ్లండి. మొక్కల మొదళ్లకు వేసే 4 మిల్లీమీటర్ల సన్న ట్యూబు, దానికి సరిపోయే టీ ముక్క, పెద్ద పైపు నుంచి సన్న పైపుకు దింపే జాయింటు ఉంటాయి. బ్రష్ చెక్కకు రెండు బెజ్జాలు వేసి, వెంట్రుకల మధ్యలోకి రెండు ట్యూబు కొసలు వచ్చేలా దూర్చి, వెనక టీ దగ్గర కలపండి. రెండు సన్నటి ధారలు అద్దానికి నేరుగా కొట్టాలి. పైపును గెడకు రెండడుగులకో చోట వెల్‌క్రో పట్టీతో కట్టండి, టేపు చుడితే గెడ ముడవడానికి రాదు. బ్రష్ పట్టుకునే చోట కాస్త వంపు ఉండాలి. దోటికి కొక్కెం వంచినట్టు. లేకపోతే కింద నుంచి గెడ ఏటవాలుగా వెళ్లి బ్రష్ అంచు మాత్రమే అద్దాన్ని తాకుతుంది.

మొదటిసారి నడపడం

గెడ తగిలించకుండా ముందు బకెట్ నీళ్లతో చూడండి. పైపు కొస వేలితో మూస్తే పంపు రెండు మూడు క్షణాల్లో ఆగిపోవాలి. ఆగి, అలాగే నిశ్శబ్దంగా ఉంటే జాయింట్లన్నీ బాగున్నట్టు. కొస మూసే ఉన్నా పావు నిమిషానికోసారి పంపు దానంతటదే ఒక్క కుదుపు తిరిగిందంటే ఎక్కడో కారుతోంది. పొడి చేత్తో ఒక్కో క్లిప్పూ తడిమితే దొరుకుతుంది. మోటరు తిరుగుతున్నా నీళ్లు రాకపోతే లోపం దాదాపు ఎప్పుడూ పీల్చే వైపే. క్లిప్పు వదులై గాలి పీలుస్తూ ఉంటుంది, లేదా జల్లెడకు చెత్త అడ్డం పడి ఉంటుంది.

రెజిన్ గిన్నె గుండా నీళ్లు పంపడానికి కూడా ఇదే పంపు వాడండి. నెమ్మది వేగంలో బకెట్ నుంచి రెజిన్, రెజిన్ నుంచి క్యాన్. గిన్నె బయటి దారి మాత్రం ఎప్పుడూ మూయవద్దు, 100 పీఎస్ఐకి ఆ ప్లాస్టిక్ గిన్నె పగలొచ్చు.

కడగడం

పొద్దున్నే, ఎండ ఆ గోడ మీదికి రాకముందు మొదలుపెట్టండి. కిటికీ తలుపులు మూసి లాక్ చేసి, లోపలి వైపు ట్రాక్ మీద పాత తువ్వాలు పరవండి. స్లైడింగ్ కిటికీల్లోంచి ఎంతో కొంత లోపలికి వస్తుంది.

సబ్బు, లిక్విడ్ ఏమీ వద్దు. సబ్బు పొరే తర్వాత దుమ్మును పట్టుకుంటుంది. మొదట సన్ షేడ్ అడుగున ఉన్న బూజు, తర్వాత ఫ్రేము పైభాగం, ఆ తర్వాతే అద్దం. ఫ్రేము వదిలేసి అద్దం ఒక్కటే కడిగితే, మీరు లోపలికి వెళ్లాక ఫ్రేము మూలల్లోంచి మురికి చారలు కట్టి దిగుతుంది. అద్దం మీద బ్రష్‌ను పైకీ కిందికీ, అడ్డంగా, మూలలకు రెండోసారి తోమండి. చివర్న బ్రష్‌ను అద్దానికి రెండంగుళాలు ఎడంగా తీసి, పై అంచు మీద ఆ చివర నుంచి ఈ చివరకు నీళ్లు పోయండి. నీళ్లు ఒక పల్చటి తెరలా దిగుతూ మిగిలిన దుమ్మును లాక్కుపోతాయి. ఇక ముట్టుకోవద్దు. బొట్లు నిలబడి ఉంటే చెయ్యి దురద పెడుతుంది, తుడవాలనిపిస్తుంది. గంట ఆగి చూడండి, అద్దం ఉందా లేదా అన్నట్టుంటుంది.

నాలుగడుగుల కిటికీకి రెండు నిమిషాలు, రెండు లీటర్లు పడతాయి. అంటే ఒక క్యాన్‌తో తొమ్మిది పది కిటికీలు. ఏళ్లుగా కడగనివైతే తొలిసారి రెండింతలు పడుతుంది.

పాత బోరు నీళ్ల తెల్ల మరకలు మాత్రం దీంతో పోవు. అవి రాయిలా గట్టిపడి ఉంటాయి. చెయ్యి అందే అద్దమైతే గ్లాసు నీళ్లలో రెండు చెంచాల నిమ్మఉప్పు కరిగించి గుడ్డతో తడిపి, పది నిమిషాలయ్యాక కడగండి. బాత్రూం యాసిడ్ జోలికి పోవద్దు, అల్యూమినియం ఫ్రేమును తినేస్తుంది.

పని అయ్యాక క్యాన్ ఖాళీ చేసి పంపును పది క్షణాలు ఉత్తగా తిప్పి లోపలి నీళ్లు వదిలేయండి. బ్యాటరీని ఆ రోజే ఛార్జింగ్‌కు పెట్టాలి. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఖాళీగా నెల రోజులు కూర్చుంటే ప్లేట్లు గట్టిపడి మళ్లీ పూర్తిగా నిండదు. రెజిన్ గిన్నె నీళ్లతోనే మూత బిగించి నీడలో ఉంచండి, ఎండిపోకూడదు. బ్రష్‌ను వెంట్రుకలు పైకి ఉండేలా గోడకు ఆనించండి.